పాఠకుల ప్రశ్నలు – జవాబులు: గాస్పెల్ సంగీతం పుట్టిన దారి

గత సంచికలో జంట నగరాల చర్చి క్వాయర్ల గురించి రాసిన వ్యాసంలో 'గాస్పెల్ పాటలు' అన్న మాటను వివరణ లేకుండా వాడాం. అమెరికాలోని నల్లజాతి చర్చీల్లో రూపుదిద్దుకున్న భక్తి సంగీతమది. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ సంగీతానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా క్వాయర్‌లో ప్రతి క్రిస్మస్‌కు ఒకటి రెండు స్పిరిచ్యువల్స్ పాడతాం. కొందరు వాటినే గాస్పెల్ అంటున్నారు. బానిసలు పత్తి పొలాల్లో పాడుకున్నదే గాస్పెల్ అని మాకు నేర్పిన మాస్టారు కూడా చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: రెండింటికీ రక్తసంబంధం ఉంది కానీ, వాటి మధ్య కనీసం రెండు తరాల కాలం, కొన్ని వందల మైళ్ల వలస ఉన్నాయి. పొలాల్లోనూ, యజమానుల కంటబడకుండా రాత్రివేళ జరుపుకున్న ప్రార్థనల్లోనూ పుట్టినవి స్పిరిచ్యువల్స్. వాటికి కర్త పేరు ఉండదు, రాసిపెట్టిన పుస్తకం ఉండదు, చాలావరకు వాద్యం కూడా ఉండదు. వాద్యం లేకపోవడానికి ఒక చేదు కారణం ఉంది. 1739లో దక్షిణ కరొలైనాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. ఆ మరుసటి ఏడాదే అక్కడ చేసిన చట్టం బానిసలు డప్పులు వాయించడాన్ని, బూరలు ఊదడాన్ని నిషేధించింది. చేతిలోని డప్పు పోయాక లయ అరచేతుల్లోకి, పాదాల్లోకి దిగింది. వలయంగా తిరుగుతూ, పాదాలు నేలకు రాస్తూ, చప్పట్లు చరుస్తూ గంటల తరబడి పాడే 'రింగ్ షౌట్' అనే ఆరాధన ఆఫ్రికా నుంచి వెంట వచ్చిన పద్ధతులకు అక్కడి క్రైస్తవ ప్రార్థన తోడై ఏర్పడింది.

పాట నేర్చుకునే తీరు కూడా అలాంటి నిర్బంధంలోంచే స్థిరపడింది. బానిసలకు చదువు చెప్పడం నేరమని దక్షిణాదిలో అనేక రాష్ట్రాలు చట్టాలు చేశాయి. అందువల్ల ఒకరు పంక్తిని చెబితే సంఘమంతా దాన్ని సాగదీసి పాడడం ఒక్కటే దారి అయింది. ఈ పద్ధతి నిజానికి ఇంగ్లండు, స్కాట్లండు చర్చీల్లో అంతకు ముందే ఉన్నది. 1707లో ఐజాక్ వాట్స్ ప్రచురించిన కీర్తనలు అమెరికాకు చేరి నల్లజాతి సంఘాల నోట పడ్డాక మాత్రం, ఆ సాగదీతలో ఎవరి స్వరాన్ని వారు వంచుకుంటూ, అందరూ కలిసి ఒక అలలా లేచే కొత్త గానం తయారైంది. మన బుర్రకథలో కథకుడి మాటకు వంతలు అందుకున్నట్టుగా, నాయకుడి పలుకుకు సంఘం జవాబు చెప్పే ఈ అలవాటే తరువాతి కాలపు గాస్పెల్‌కు ప్రాణమైంది.

బానిసత్వం రద్దయిన తరువాత, 1867లో ఈ పాటల తొలి ముఖ్య సంకలనం అచ్చయింది. 1866లో నాష్‌విల్‌లో స్థాపితమైన ఫిస్క్ విద్యాలయం అప్పుల్లో మునిగినప్పుడు, దాన్ని నిలబెట్టడానికి జార్జ్ వైట్ అనే అధ్యాపకుడు తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని 1871 అక్టోబరులో కచేరీ యాత్రకు బయలుదేరాడు. ఆ తొమ్మిదిమందిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. 'జూబిలీ సింగర్స్' అన్న పేరుతో వారు 1873లో బ్రిటన్ వెళ్లి విక్టోరియా రాణి ముందు కూడా పాడారు. యాత్రలో సంపాదించిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు ఇప్పటికీ నాష్‌విల్‌లో ఉంది. మీ క్వాయర్ పాడే స్పిరిచ్యువల్స్ ఆ వేదికల కోసం నాలుగు గాత్రాలకు దిద్ది తీర్చిన రూపానికి వారసులు. మీ మాస్టారు చెప్పిన బానిసల పాట అదే. గాస్పెల్ సంగతి వేరు. దానికి పుట్టిన ఊళ్లున్నాయి, రాసిన కర్తలున్నారు, అచ్చు వేసి అమ్మిన దుకాణాలున్నాయి.

ప్రశ్న: గాస్పెల్ సంగీతానికి పితామహుడని పేరున్న వ్యక్తి అంతకు ముందు క్లబ్బుల్లో బూతు పాటలు రాశాడని చదివాను. చర్చి అతన్ని ఎలా అంగీకరించింది?
– ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: మీరు చదివింది థామస్ డోర్సీ గురించి. ఆ మాట నిజమే. అయితే అతని కథ అర్థం కావాలంటే ముందుగా అతని చుట్టూ ఉన్న నగరాన్ని చూడాలి.

సుమారు 1910 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షలమంది నల్లజాతివారు దక్షిణాది పల్లెలు విడిచి ఉత్తర, పశ్చిమ నగరాలకు తరలిపోయారు. 1910లో చికాగోలో వారి సంఖ్య 44 వేలు. 1930 నాటికి అది 2 లక్షల 30 వేలు దాటింది. అంతకు ముందే అక్కడ స్థిరపడిన నల్లజాతి మధ్యతరగతి సంఘాలు పెద్ద పెద్ద చర్చీలు కట్టుకుని, యూరోపియన్ శాస్త్రీయ సంగీతం పాడే క్వాయర్లను గర్వంగా పోషిస్తున్నాయి. కొత్తగా వచ్చిన కూలీలకు అక్కడ తమ గొంతు వినిపించలేదు. చాలామంది ఖాళీ దుకాణాల గదులు అద్దెకు తీసుకుని, అందులోనే చిన్న చిన్న సంఘాలు పెట్టుకుని, ఊళ్లో పాడినట్టే పాడుకున్నారు. నా దృష్టిలో గాస్పెల్ పుట్టుకకు అసలు కారణం ఈ ఎడమే. పల్లె విడిచిన మనిషికి నగరంలోని చర్చిలో తన పాట దొరకలేదు. ఆ లోటును పూడ్చిన సంగీతం ఇది.

డోర్సీ కూడా అలా వచ్చినవాడే. 1899లో జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో పుట్టాడు. తండ్రి బోధకుడు, తల్లి చర్చిలో ఆర్గన్ వాయించేది. చికాగో చేరి, 'జార్జియా టామ్' అన్న పేరుతో బ్లూస్ (నల్లజాతివారి లౌకిక గీతాలు) పియానిస్టుగా స్థిరపడి, ప్రఖ్యాత గాయని 'మా రెయినీ' బృందానికి నాయకత్వం వహించాడు. 1928లో టాంపా రెడ్‌తో కలిసి అతను చేసిన ద్వంద్వార్థపు పాట రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. మధ్యలో తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనై, కోలుకుని, భక్తి పాటలు రాయడం మొదలుపెట్టాడు. వాటిని పట్టుకుని చర్చి చర్చికీ తిరిగితే చాలాచోట్ల వెనక్కి పంపేశారు. పియానో మీద అతని చేతివాటం క్లబ్బుదే. సప్తకంలో మూడవ, ఏడవ స్వరాలను కొద్దిగా కిందికి వంచడం, తాళం పడవలసిన చోటుకు ముందో వెనకో పలుకును వేయడం వంటి బ్లూస్ లక్షణాలను అతను దాచలేదు.

అప్పటికే ఫిలడెల్ఫియాలో చార్లెస్ టిండ్లీ అనే పాస్టర్ ఈ దారికి పునాది వేసి ఉంచాడు. ఒకప్పుడు ఊడ్చి తుడిచే పనివాడిగా ఉన్న చర్చికే ఆయన తరువాత కాపరి అయ్యాడు. పేదల కష్టాన్ని సూటి మాటల్లో చెప్పిన ఆయన కీర్తనలకు తాను రుణపడి ఉన్నానని డోర్సీ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

1932 ఆగస్టులో డోర్సీ ఒక సభలో పాడటానికి సెయింట్ లూయిస్ వెళ్లాడు. అక్కడుండగానే, ప్రసవంలో భార్య నెట్టీ చనిపోయిందని తంతి అందింది. పుట్టిన మగబిడ్డ కూడా వెంటనే పోయాడు. భార్యాబిడ్డలను ఒకే శవపేటికలో పూడ్చిపెట్టిన ఆ మనిషి కొద్ది రోజులకు, ఒక పాత కీర్తన బాణీని తన చేతివాటానికి మలుచుకుంటూ, 'ప్రియమైన ప్రభువా, నా చేయి పట్టుకో' అని వేడుకునే పాట కట్టాడు. అలసిపోయాను, బలం లేదు, ఇంటికి నడిపించు అన్నంత మామూలు మాటలే అందులో ఉన్నాయి. స్పిరిచ్యువల్స్‌లో మోషే, యొర్దాను నది, వాగ్దాన దేశం ఒక జాతి మొత్తానికి చెందిన గుర్తులుగా వస్తాయి. డోర్సీ పాటలో ఒంటరిగా నిలబడ్డ ఒక మనిషి 'నేను' అంటాడు. ఆ 'నేను'లో వేలమంది తమను చూసుకున్నారు. చర్చి అతన్ని ఎలా అంగీకరించిందని మీరు అడిగారు. పెద్దలకంటే ముందు బల్లల మీద కూర్చున్న సంఘం అంగీకరించింది.

అదే ఏడాది అతను చికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చిలో క్వాయర్ నిర్వాహకుడై, దశాబ్దాలపాటు ఆ బాధ్యతలోనే ఉన్నాడు. సొంత ప్రచురణ సంస్థ పెట్టి పాటల అచ్చుప్రతులు అమ్మించాడు. ఆ వ్యాపారాన్ని లెక్కాపత్రం చూసి గాడిన పెట్టినది శాలీ మార్టిన్ అనే గాయని. ఊరూరా తిరిగి కొత్త క్వాయర్లను తయారుచేసినది కూడా ఆమే. చరిత్ర పుస్తకాలు ఆమెకు ఇచ్చే చోటు చాలా తక్కువని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. డోర్సీ 1993లో కన్నుమూశాడు. పిల్‌గ్రిమ్ చర్చి భవనం 2006లో అగ్నికి ఆహుతైంది.

ప్రశ్న: మా సంఘంలో డ్రమ్ములు, కీబోర్డులు పెరిగిపోయి ఆరాధన కచేరీలా మారిందని మా తరంవాళ్ల ఆవేదన. గాస్పెల్ పుట్టిన దేశంలో పెద్దలు దీన్ని ఎదిరించలేదా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: ఎదిరించారండీ, గట్టిగానే ఎదిరించారు. మీ ఆవేదనను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అక్కడ కూడా ఆ అభ్యంతరం వెనుక నిజమైన భక్తి ఉంది. సంగీతం దేవుణ్ణి వదిలి పాడేవాడి వైపు తిరుగుతుందన్నది వారి భయం. ఆ భయం కొన్నిసార్లు నిజమైంది కూడా.

అయితే వాద్యాలను చర్చిలోకి ముందుగా తెచ్చినవారు వినోదం కోసం తేలేదు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సేమోర్ నాయకత్వంలో మొదలైన ఉజ్జీవం (భక్తిని మేల్కొలిపే ప్రార్థనా సభలు) నుంచి పెంతెకొస్తు అనే క్రైస్తవ ఉద్యమం వ్యాపించింది. తంబురీన్, డ్రమ్ము, గిటారు, ఏది చేతికి దొరికితే దానితో దేవుణ్ణి స్తుతించమని కీర్తనల గ్రంథమే చెబుతోందన్నది వారి వాదన. బాప్టిస్టు, మెథడిస్టు పెద్దలు తలుపు మూసినప్పుడు ఈ సంఘాలే లయను కాపాడాయి. 1935లో హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్ అమ్మకానికి వచ్చాక, పైపుల ఆర్గన్ కొనలేని చిన్న సంఘాలకు కూడా నిండైన నాదం అందుబాటులోకి వచ్చింది. బోధకుడి మాటకు మాటకు మధ్య ఆర్గన్ జవాబిచ్చే పద్ధతి ఆ తరువాత గాస్పెల్‌కు గుర్తుగా మారింది.

పెంతెకొస్తు సంఘంలోనే పెరిగిన సిస్టర్ రొసెట్టా థార్ప్ ఉదంతం మీ ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. 1915లో ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టిన ఈమె గిటారుతో భక్తి పాటలు పాడుతూ 1938లో న్యూయార్క్ నైట్ క్లబ్బు వేదిక ఎక్కింది. చర్చివారు నొచ్చుకున్నారు. మద్యం తాగే చోట ప్రభువు పాటేమిటన్నారు. ఆమె గిటారు చేతివాటం నుంచి రాక్ అండ్ రోల్ తొలి తరం చాలా నేర్చుకుంది. 2018లో రాక్ అండ్ రోల్ ప్రముఖుల జాబితాలో ఆమెకు మరణానంతర గౌరవం దక్కింది. రాకపోకలు రెండు వైపులా సాగాయి. గాయకుడు రే చార్ల్స్ 1954లో ఒక గాస్పెల్ పాట అచ్చును తీసుకుని ప్రేమపాటగా మార్చినప్పుడు, 'సోల్ స్టిరర్స్' అనే గాస్పెల్ క్వార్టెట్ (చిన్న గాయక బృందం) ప్రధాన గాయకుడు శామ్ కుక్ 1957లో లౌకిక పాప్ పాటల వైపు వెళ్లినప్పుడు, సంఘంలో చాలామంది దాన్ని ద్రోహంగానే చూశారు.

మీ సంఘం విషయంలో నా అభిప్రాయం అడిగితే, వాద్యాల లెక్క కంటే ఒక్క సంగతి గమనించమంటాను: డ్రమ్ము మోగుతున్నప్పుడు బల్లల మీదివారు పాడుతున్నారా, ఊరుకుని వింటున్నారా? సంఘం నోరు మూసుకుందంటే అది గాస్పెల్ పద్ధతి కూడా కాదు.

ప్రశ్న: మహాలియా జాక్సన్ మన దేశానికి వచ్చిందా? మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆమె పాటతో ఉన్న అనుబంధం గురించి రాయండి.
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: వచ్చింది. 1971లో ఆమె కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, బొంబాయి నగరాల్లో పాడింది. ఢిల్లీలో ప్రధాని ఇందిరా గాంధీ ఆమెను కలుసుకున్నారు. హైదరాబాదు ఆ భాగ్యానికి నోచుకోలేదు.

మహాలియా 1911లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, పదహారేళ్ల వయసులో చికాగో చేరి, ఇళ్లలో పనిచేస్తూ, బట్టలు ఉతుకుతూ చర్చిలో పాడింది. డోర్సీ ఆమెను వెంటబెట్టుకుని తన కొత్త పాటలు జనానికి వినిపించేవాడు. బ్లూస్ పాడితే డబ్బు కురుస్తుందని ఎందరు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. 1947లో ఆమె రికార్డు చేసిన, బ్రూస్టర్ అనే పాస్టర్ రాసిన పాట పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైందని చెబుతారు. 1950లో కార్నెగీ హాలులో పాడింది.

పౌరహక్కుల ఉద్యమానికి ఆమె గొంతు అండ. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ మహాసభలో కింగ్ ప్రసంగానికి ముందు ఆమె పాడిన పాటల్లో ఒకటి పాత స్పిరిచ్యువల్. ప్రసంగం మధ్యలో, 'ఆ కల గురించి చెప్పు మార్టిన్' అని వేదిక మీద నుంచి ఆమె కేకవేసిందని దగ్గరున్నవారు గుర్తు చేసుకున్నారు. చర్చిలో బోధకుణ్ణి సంఘం ఉత్సాహపరిచే తీరే అది. డోర్సీ 1932లో కట్టిన పాట కింగ్‌కు చాలా ఇష్టం. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో తుపాకీ గుండు తగలడానికి కొద్ది నిమిషాల ముందు, ఆ రాత్రి సభలో దాన్ని బాగా వాయించమని బెన్ బ్రాంచ్ అనే సంగీతకారుణ్ణి ఆయన కోరాడు. ఆయన అంత్యక్రియల్లో మహాలియా దాన్ని పాడింది. 1972 జనవరిలో మహాలియా చనిపోతే, గాయని అరెథా ఫ్రాంక్లిన్ అదే పాట పాడి సాగనంపింది.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో 'సాంకీ' పాటల పుస్తకం దొరికింది. పైన 'గాస్పెల్' అనే ఉంది. ఇది మీరు చెప్పే సంగీతమేనా?
– ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: కాదు, దానికి పక్కింటి చుట్టం. ఐరా సాంకీ తెల్లజాతి గాయకుడు. ప్రసంగీకుడు డ్వైట్ మూడీ సభల్లో పాడేవాడు. పి. పి. బ్లిస్‌తో కలిసి 1875లో అతను తెచ్చిన సంకలనం పేరులో ఆ మాట ఉంది. పసితనంలోనే చూపు కోల్పోయి, ఎనిమిది వేలకు పైగా కీర్తనలు రాసిన ఫానీ క్రాస్బీ ఈ శాఖకే చెందినది. ఇదే శాఖ నుంచి దక్షిణాది తెల్లవారి క్వార్టెట్ గానం పెరిగింది. రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ గెలిచిన మూడు గ్రామీ సంగీత పురస్కారాలు కూడా భక్తి గీతాలకే వచ్చాయి.

ప్రశ్న: మన తెలుగు క్రైస్తవ పాటలు గాస్పెల్ నుంచే వచ్చాయని ఒక యువజన సభలో విన్నాను. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, లాలాగూడ

జవాబు: సరికాదు. డోర్సీ పుట్టడానికి ఎంతో ముందే తెలుగు సంఘాలకు సొంత పాట ఉంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి భక్తకవులు మన కీర్తన సంప్రదాయంలోనే, పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలు నిర్దేశించి యేసు ప్రభువును స్తుతించారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. దానితో పాటు మిషనరీల వెంట వచ్చిన పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు కట్టిన పాటలు మరో పాయగా సాగాయి. ఆ రెండవ పాయలో సాంకీ శాఖ ఛాయ ఉంది; చికాగో ఛాయ లేదు.

నల్లజాతి గాస్పెల్ మన దగ్గరికి రికార్డుల ద్వారా, సినిమాల ద్వారా, ఇప్పుడు యూట్యూబ్ ద్వారా చాలా ఆలస్యంగా వచ్చింది. ఈనాటి నగర క్వాయర్లు దాని నుంచి పాటను చివర్లో ఒక్కొక్క మెట్టు శ్రుతి పెంచుతూ పోవడం, ఒకే వాక్యాన్ని పట్టుకుని తిప్పి తిప్పి పాడడం నేర్చుకున్నాయి. నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పుస్తకంలోని రాగాలు తెలిసిన పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారి దగ్గర కూర్చుని నేర్చుకునేవారు తగ్గిపోవడం మాత్రం నష్టం. డోర్సీ చేసిన పని తన ఊరి గొంతును నగరంలో వినిపించడం. అది నచ్చినవారు మన ఊరి గొంతు సంగతి కూడా పట్టించుకోవాలని నా మనవి.

ప్రశ్న: ఇంటర్ విద్యార్థులకు గాస్పెల్ పరిచయం చేయాలనుకుంటున్నాను. ఏ క్రమంలో వినిపించాలి, ఏం గమనించమనాలి?
– ఒక సంగీత ఉపాధ్యాయిని, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా ఫిస్క్ జూబిలీ బృందం స్పిరిచ్యువల్ ఒకటి, వెంటనే మహాలియా పాడిన డోర్సీ పాట వినిపించండి. తేడా మాటల్లో చెప్పనక్కరలేదు. ఆ తరువాత ఎడ్విన్ హాకిన్స్ బృందం పాట పెట్టండి. 18వ శతాబ్దపు ఇంగ్లీషు కీర్తనను కాలిఫోర్నియా యువజన క్వాయర్ కోసం అతను కొత్తగా మలిచాడు. తమ ఖర్చుల కోసం అమ్ముకుందామని చేసిన ఆ రికార్డును రేడియోవారు అందుకోవడంతో 1969లో అది దేశమంతా మోగిపోయింది. పిల్లలు దానికి చప్పట్లు కొట్టేటప్పుడు, నాలుగు మాత్రల్లో ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద పడేలా అలవాటు చేయండి. మనవారికి మొదట చేయి తడబడుతుంది. అది కుదిరాక పాట మొత్తం నడక మారిపోతుంది. క్వాయర్‌తో పాడిస్తే సొప్రానో (స్త్రీల పై గొంతు), ఆల్టో (స్త్రీల కింది గొంతు), టెనార్ (పురుషుల పై గొంతు) అనే మూడు గాత్రాలు చాలు. సంప్రదాయ గాస్పెల్ క్వాయర్లలో ప్రత్యేకంగా బేస్ (పురుషుల కింది గొంతు) గాత్రం సాధారణంగా ఉండదు, ఆ పని ఆర్గన్, బేస్ గిటారు చేస్తాయి.

చివరగా, 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో, జేమ్స్ క్లీవ్‌లాండ్ నడిపిన క్వాయర్‌తో అరెథా ఫ్రాంక్లిన్ రెండు రాత్రులు పాడిన రికార్డు వినిపించండి. మొదటిసారి గాయనిని వినమనండి. రెండవసారి ఆమెను వదిలేసి, ఆమె ఒక పంక్తి ముగించి ఊపిరి తీసుకునే లోపు బల్లల మీదివారు ఏమంటున్నారో, ఆ కేకను అందుకుని తరువాతి పంక్తిని ఆమె ఎలా మార్చుకుంటోందో రాసుకురమ్మనండి.